వంతెన ఎక్కడమే కొండెక్కడం అనుకునే వాళ్లకి ఘాట్ రోడ్డు జాగ్రత్తలు

సంపాదకుడు గారికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ‘ఘాట్ రోడ్డులో అతివేగం వద్దు’ అని ఒక వార్త వేశారు. కార్తీక మాసం వస్తోంది, వనభోజనాల పేరుతో జనమంతా మన్యం కొండల్లోని మారేడుమిల్లి మీద పడతారు కాబట్టి ముందే నాలుగు జాగ్రత్తలు చెప్పారు. సంతోషం. తీరా చదివితే అందులో ఉన్నవి రెండే ముక్కలు. నెమ్మదిగా వెళ్లండి, సెల్ఫీలు దిగకండి. అధికారులు చెప్పారు, మీరు అచ్చేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ ఇంట్లో సున్నాలు వేయిస్తున్నాం, కుదరలేదు.

నేను నెమ్మదిగానే వెళ్లానండి. ముప్పై దాటలేదు. అయినా బ్రేకులు పోయినంత పనయింది.

మాది కోనసీమ. గౌతమికీ వసిష్ఠకీ మధ్య పుట్టి పెరిగినవాడికి ఎత్తంటే ఏటిగట్టే. అది కాకపోతే రావులపాలెం దగ్గర వంతెన. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర ఇక్కడ నీళ్లు పారించడానికి పల్లం వెతుక్కుని ఉంటాడు, అంత చదును నేల. ఇలాంటి చోట యాభై దాటాక కారు నేర్చుకున్నాను. నాకు టాప్ గేరు తెలుసు, గేదె అడ్డొస్తే బ్రేకు తెలుసు. రెండో గేరంటే సందు మలుపులో వేసేది అనుకునేవాణ్ణి.

పోయిన ఏడాది భద్రాచలం వెళ్దామని బయల్దేరాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు, మనవడు. గోకవరం, రంపచోడవరం దాకా హాయిగా సాగింది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగడం మొదలైంది. “దిగుడే కదా మావయ్య గారూ, గేరు తీసి న్యూట్రల్ చేసేయండి, పెట్రోలు కలిసొస్తుంది” అన్నాడు అల్లుడు. చేశాను. ఇక ప్రతి మలుపులోనూ బ్రేకు మీదే కాలు. కాసేపటికి కాలిన రబ్బరు లాంటి వాసన. మా ఆవిడ అడవిలో ఎవరో ఏదో తగలబెడుతున్నారంది. ఆ తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా, తడి స్పాంజి తొక్కినట్టు కిందికి వెళ్లిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు మట్టిలోకి ఎక్కించి ఎలాగో ఆపాను. ముందు చక్రాల నుంచి పొగ.

మా అల్లుడు నీళ్ల బాటిల్ తీసుకుని చక్రం మీద పోయబోయాడు. అదృష్టం కొద్దీ వెనకాల వస్తున్న లారీ ఆగింది. “పొయ్యకండి బాబూ, డిస్కు పగిలిపోద్ది” అని అరుస్తూ దిగాడు డ్రైవరు. నా దగ్గరికొచ్చి, “బాబాయ్ గారూ, ఏ గేర్లో దిగుతున్నారు?” అని అడిగాడు. చెప్పడానికి సిగ్గేసింది. అరగంట కూర్చోబెట్టి అతను చెప్పిందే నా అసలు డ్రైవింగ్ స్కూలు. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే, అంటే రెండో గేరు లాంటి చిన్న గేర్లోనే దిగాలి. అదీ వాలు మొదలవక ముందే వేసుకోవాలి. బండిని ఇంజినే పట్టుకుంటుంది, బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా తొక్కి వదలాలి, దాని మీద కాలు పడుకోబెట్టకూడదు. కనిపించని మలుపు దగ్గర హారన్ కొట్టాలి, మన పక్క వదలకూడదు. ఎక్కే బండికి దిగే బండే దారివ్వాలి. పెట్రోలు సంగతి అంటారా, గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి పెట్రోలు వెళ్లడమే ఆగిపోతుందట. న్యూట్రల్ చేస్తేనే తాగుతుందన్నమాట. తర్వాత మా మెకానిక్‌ని అడిగితే అతనూ అదే చెప్పాడు. బ్రేకు ఆయిల్ మరిగిపోతే పెడల్ అలాగే మెత్తబడుతుందన్నాడు.

ఇందులో ఒక్క ముక్కయినా మీ వార్తలో ఉందా?

ఎక్కే బండికి దారివ్వడం లారీ డ్రైవరు సొంత కవిత్వం కాదు, 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే రాశారు. అదే ఏడాది కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో, లైసెన్సు పరీక్షలో కారుని ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించి చూపించాలని కూడా రాశారు. నాకు లైసెన్సు ఇచ్చిన ఆఫీసు పేరు చెప్పను గానీ, అక్కడ నాతో చేయించింది చదును నేల మీద ఒక చుట్టు, కొంచెం రివర్సు. పక్కనే డ్రైవింగ్ స్కూలు కుర్రాడు కూర్చుని స్టీరింగ్ మీద ఓ చెయ్యి వేశాడు కూడా. సంతకం అయిపోయింది. ఆ కాగితంతోనే నేను దేశంలో ఏ కొండ మీదైనా బండి నడపొచ్చు. కోనసీమలో కొండలు లేవు, ఎత్తు ఎక్కడి నుంచి తేవాలి అంటారేమో. ఊరూరా ఏటిగట్టు ఉంది కదండీ! గట్టు మీదికెక్కే ర్యాంపు మీద మధ్యలో ఆపి కదిలించమంటే పరీక్ష అయిపోతుంది. దానికి ప్రత్యేక నిధులు అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదు.

మనవాళ్లలో ఇంకో ధీమా ఉంది. “తిరుమల కొండ వంద సార్లు ఎక్కాం, ఇదెంత” అంటారు. తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎదురు బండి రాదు. దిగేటప్పుడు మరీ తొందరగా కిందికి చేరితే జరిమానా కూడా వేస్తారు. మారేడుమిల్లిలో ఉన్నది ఒకే రోడ్డు. తిరుమల అలవాటుతో మలుపుని కోసుకుంటూ వెళ్తే ఎదురుగా బస్సు ఉంటుంది. 2019 అక్టోబరులో ఇదే ఘాట్‌లో కర్ణాటక యాత్రికుల బండి లోయలో పడింది. 2021 ఫిబ్రవరిలో అరకు దారిలో డముకు దగ్గర హైదరాబాద్ వాళ్ల బస్సు పడింది. పడిన ప్రతిసారీ నాయకుల సంతాపాలు, ఆ తర్వాత రెండు బోర్డులు. నేను చూసిన ఒక బోర్డు మీద అక్షరాలు తుప్పు తినేసింది, బాణం గుర్తు మాత్రం మిగిలింది. అదీ లోయ వైపు చూపిస్తోంది. 2022లో జిల్లాలు విడగొట్టాక మన్యం మా జిల్లాలో లేదు, కాబట్టి ఇక్కడి అధికారులకి అది పట్టదు. వెళ్లి పడేవాళ్లు మాత్రం మా ఊళ్ల వాళ్లే. ఆ మాటకొస్తే మా కాలవ రోడ్ల మలుపుల్లోనే పిట్టగోడలు లేవు, కొండ మీద రెయిలింగు గురించి ఎవర్ని అడగాలి?

బొంగు చికెన్ ఎలా వండుతారో మీ ఆదివారం పేజీలో రంగు ఫోటోలతో వేశారు. చాలా బాగుంది. అదే పేజీలో సగం ఇచ్చి, రెండో గేరు అంటే ఏమిటో ఒక లారీ డ్రైవరుతో చెప్పించండి. క్రితంసారి కాలవలో గుర్రపుడెక్క గురించి నేను రాసిన ఉత్తరాన్ని మూడు లైన్లకి కుదించి రాశిఫలాల కింద వేశారు. ఈసారి కుదిస్తే నా గోడు తీసేయండి, లారీ డ్రైవరు మాటలు మాత్రం ఉంచండి.

మా అల్లుడు ఈ సంక్రాంతికి అరకు వెళ్దామంటున్నాడు. నేను విశాఖలో రైలెక్కి వస్తానని చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కోనసీమ