మా బాబు కేసులో సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

మా ఫ్యామిలీ కోర్టు కేసు రాజీతో ముగిసింది. బాబును వెంటబెట్టుకుని సింగపూర్ వెళ్లి ఉద్యోగంలో చేరడానికి అనుమతి వచ్చింది. "ఏమైందమ్మా?" అని అడుగుతున్న అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చిన లాయరు మేడమ్‌కు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. "ఫ్రీ లాయరైతే కేసు గాలికే" అని భయపెట్టినవాళ్లు ఈవిడ కట్టిన ఫైలు చూడలేదు!

మేడమ్ మొదటిరోజే సూటిగా చెప్పారు: "తల్లివని కోర్టు పంపేయదు. బాబుకు ఐదేళ్లు దాటాయి. జడ్జిగారు చూసేది నీ ఉద్యోగం కాదు, వాడి బాగు." బాబును మళ్లీ తీసుకురానేమోనన్న మా అత్తింటివాళ్ల భయం కూడా ఉత్తదేం కాదన్నారు. దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి రప్పించడంపై 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. రేపు నేను మాట తప్పితే ఇక్కడి ఆర్డర్ అక్కడ దానంతటదే అమలు కాదు. 2020లో తండ్రి దగ్గరికి కెన్యా వెళ్లాల్సిన ఒక బాబు కేసులో, అక్కడి కోర్టులోనూ అదే ఆర్డర్ తెచ్చుకోమని సుప్రీంకోర్టు ముందే షరతు పెట్టింది. దాన్ని మిర్రర్ ఆర్డర్ అంటారు. ఆ తండ్రి షరతులు తప్పడంతో 2021లో తన తీర్పునే వెనక్కి తీసుకుంది. అందుకే సింగపూర్ కోర్టులో కూడా ఇవే షరతులతో ఆర్డర్ కోసం పిటిషన్ వేస్తానని, అవతలివాళ్లు అడక్కముందే నాతో రాసి ఇప్పించారు. దాంతో వాళ్ల లాయరు గొంతు సగం తగ్గింది.

మీడియేషన్‌లో, అంటే రాజీ చర్చల్లో, అసలు పేచీ సెలవుల దగ్గరొచ్చింది. అక్కడ బడులు జనవరిలో మొదలు. పెద్ద సెలవులు జూన్‌లో, మళ్లీ నవంబరు చివర నుంచి డిసెంబరు దాకా. అంటే సంక్రాంతికి బాబు రాలేడు. అప్పటిదాకా నోరు విప్పని మా అత్తయ్యగారు, "రోజూ ఫోన్లో చూపిస్తావు సరే, ఫోన్లో అన్నం ముద్ద పెట్టగలనా?" అన్నారు. ఎవరికీ మాట రాలేదు. మీడియేటర్ గారు క్యాలెండర్ ఆవిడ ముందుకు జరిపి, "ఏ రోజులు కావాలో మీరే చెప్పండమ్మా" అన్నారు. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని డిసెంబరు మొత్తానికి చుట్టూ గీత గీశారు, తర్వాత జూన్‌కి. ఒప్పందంలోకి ఎక్కింది అవే. విమానం ఖర్చు చెరిసగం. వైజాగ్ నుంచి నేరుగా విమానం ఉండటం కలిసొచ్చింది.

అత్తయ్యగారూ, ఇంత జరిగినా బాబు ముందు నన్ను ఒక్క మాట అనలేదు మీరు. అది మర్చిపోను. (ఆవిడను అడిగే ఇదంతా రాస్తున్నాను.)

అఫిడవిట్‌లో బాబు పేరు తప్పుపడితే తింటున్న క్యారేజీ మూసేసి మళ్లీ టైపు చేసిచ్చిన జిరాక్స్ షాపు అన్నయ్యకు, వాయిదా రోజుల్లో బాబును బడి నుంచి తెచ్చుకుని చూసుకున్న ఎంవీపీ కాలనీ పిన్నిగారికి కూడా థాంక్స్.

ఇదే టెన్షన్‌లో ఉండి నాకు మెసేజ్ పెడుతున్నవాళ్లు 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవల టోల్ ఫ్రీ నంబరు అది. అనుమతి చేతికి రాకుండా మాత్రం టికెట్లు కొనకండి. ఇది మేడమ్ మాట.