హెచ్‌డీకి సొమ్ము తీసుకుని ఎస్‌డీ బొమ్మ చూపిస్తున్నందుకు ఫిర్యాదు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

నోడల్ అధికారి గారికి,
డీటీహెచ్ సేవల సంస్థ, ఆంధ్రప్రదేశ్ విభాగం.

విషయం: హై డెఫినిషన్ (హెచ్‌డీ) కనెక్షన్‌కు మారినా ఆ నాణ్యతలో ప్రసారాలు అందకపోవడం, అడగని ప్యాక్‌కు సొమ్ము కోయడం, ఫిర్యాదులను పరిష్కరించకుండానే మూసివేయడం గురించి.

ఆర్యా,

మేము చాలా ఏళ్లుగా మీ సంస్థ చందాదారులం. పాత టీవీ పాడైపోవడంతో ఈమధ్య 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ కొని, దానికి తగినట్టుగా మీ కనెక్షన్‌ను కూడా హెచ్‌డీకి మార్పించుకున్నాం. కొత్త సెట్‌టాప్ బాక్స్‌కు, దాన్ని బిగించినందుకు, హెచ్‌డీ ప్యాక్‌కు మీ వాళ్లు అడిగిన మొత్తాన్ని ముందుగానే చెల్లించాం. ఆ రసీదుల నకళ్లను, మా ఖాతా సంఖ్యను ఈ లేఖకు జతపరిచాను. ఇంత చెల్లించినా మా టీవీలో హెచ్‌డీ ప్రసారం నేటికీ నిలకడగా రావడం లేదు. కస్టమర్ కేర్‌కు పలుమార్లు చెప్పుకున్నా ఫలితం లేకపోవడంతో నేరుగా మీకు రాస్తున్నాను.

మొదటి లోపం బిగించిన రోజే జరిగింది. వచ్చిన టెక్నీషియన్ పాత బాక్స్ తీసి కొత్తది పెట్టి, పాతదానికి వాడిన ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరునే టీవీకి గుచ్చి, బొమ్మ రాగానే సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. హెచ్‌డీ బొమ్మను టీవీకి చేర్చే హెచ్‌డీఎంఐ కేబుల్ ఏదని అడిగితే అది కంపెనీ ఇవ్వలేదని, కావాలంటే బయట కొనుక్కోమని చెప్పాడు. ఆ పసుపు పిన్ను ద్వారా హెచ్‌డీ బొమ్మ రానే రాదన్న సంగతి మీ సంస్థకు నేను చెప్పవలసిన పని లేదు. మన దేశంలో ఎస్‌డీ, అంటే మామూలు నాణ్యత ఉండే స్టాండర్డ్ డెఫినిషన్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటాయి, అంటే మొత్తం సుమారు 4.15 లక్షలు. 1920 అడ్డం, 1080 నిలువు ఉండే హెచ్‌డీ బొమ్మలో అవి 20.7 లక్షలకు పైమాటే. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి మా మేడ మీది డిష్ దాకా, డిష్ నుంచి బాక్స్ దాకా హెచ్‌డీగా వచ్చిన ప్రసారం, బాక్స్ నుంచి టీవీకి ఉన్న మూరెడు వైరులో అయిదింట నాలుగు వంతులు పోగొట్టుకుని ఎస్‌డీగా తెర మీదికి చేరుతూ వచ్చింది. చానల్ గుర్తు పక్కన హెచ్‌డీ అనే అక్షరాలు మాత్రం కనబడుతూనే ఉన్నాయి కనుక, తేడా తెలియని వాళ్లు హెచ్‌డీయే చూస్తున్నామనుకుని నెలనెలా సొమ్ము కడుతూ పోతారు. నన్ను అన్నిటికంటే బాధించిన విషయం ఇదే.

ఈ తేడా మా ఇంట్లో ఎక్కడ తెలిసిందో కూడా చెప్పాలి. మా అమ్మగారికి చూపు మందగించింది. పాటల కార్యక్రమం వచ్చినప్పుడు తెర అడుగున వేసే గీత రచయిత, సంగీత దర్శకుల పేర్లు చదువుకోవడం ఆవిడకు చిరకాలపు అలవాటు. ఎస్‌డీలో ఆ చిన్న అక్షరాల ఒత్తులు పై అక్షరంలో కలిసిపోయి మసకగా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా లేకుండా కనబడేవి. కొత్త టీవీ, హెచ్‌డీ కనెక్షన్ వస్తే కళ్లద్దాలు సవరించుకుంటూ తెర దగ్గరకు వెళ్లనక్కరలేదని ఆవిడకు మేము మాట ఇచ్చాం. తీరా బిగించాక చూస్తే తెర పెద్దదైన కొద్దీ మసక కూడా పెద్దదైంది. తెలుగు వార్తా చానళ్లలో చాలావరకు ఎస్‌డీలోనే వస్తాయని నాకు తెలుసు, వాటి గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను మాట్లాడుతున్నది ఈటీవీ హెచ్‌డీ, స్టార్ మా హెచ్‌డీ, జెమినీ టీవీ హెచ్‌డీ, జీ తెలుగు హెచ్‌డీ వంటి, మీరు ప్రత్యేకంగా ధర కట్టి ఇస్తున్న చానళ్ల గురించి.

చివరికి హెచ్‌డీఎంఐ కేబుల్ మేమే కొని పెట్టుకున్నాం. అప్పటికీ బొమ్మ బాగుపడలేదు. కస్టమర్ కేర్ వారు బాక్స్‌ను ఆపి మళ్లీ వేయమనడం తప్ప మరో మాట చెప్పలేదు. మా కింది వాటాలో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థి ఒకరు వచ్చి బాక్స్ మెనూలోకి వెళ్లి చూస్తే, వీడియో అవుట్‌పుట్ 576 దగ్గరే ఉండిపోయిందని తేలింది. దాన్ని 1080ఐకి మార్చగానే ఒత్తులు విడివిడిగా కనబడ్డాయి, అమ్మగారు కుర్చీలోంచి లేవకుండానే పేర్లు చదివారు. పరికరం పంపేటప్పుడో, బిగించేటప్పుడో మీ మనిషి చేయవలసిన అరనిమిషం పనిని చందాదారు ఇంట్లో పక్కవాళ్లు వచ్చి చేయవలసి రావడం న్యాయమా? ఆ వెసులుబాటు లేని పెద్దవాళ్లు ఈ నగరంలో ఎందరో ఉంటారు.

అంతటితో సమస్య తీరలేదు. హెచ్‌డీ చానళ్లలో బొమ్మ ఉన్నట్టుండి గళ్లుగళ్లుగా విడిపోయి, మాట తెగిపోయి, కాసేపటికి సిగ్నల్ లేదన్న సందేశం వస్తోంది. అదే సమయంలో ఎస్‌డీ చానళ్లు మామూలుగానే నడుస్తున్నాయి. బాక్స్‌లోనే సిగ్నల్ నాణ్యత చూస్తే పట్టీ సగం కూడా నిండడం లేదు. మా డిష్ సముద్రానికి దగ్గరలో, ఉప్పుగాలి నేరుగా తగిలే మేడ మీద ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు పాత డిష్ కూలిపోగా, ఆ తరువాత మీ వాళ్లు అమర్చిందే ఇప్పటికీ ఉంది. నేను పైకెక్కి చూసినప్పుడు డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీకి వైరు బిగించిన చోట పిన్ను చుట్టూ పచ్చటి చిలుము పట్టి ఉంది, బ్రాకెట్ మరలు తుప్పుపట్టి డిష్ చేతికి కదులుతోంది. టెక్నీషియన్ ఆ రోజు మేడ ఎక్కనేలేదు. కుండపోత వానలో డీటీహెచ్ ప్రసారాలకు వాడే కేయూ బ్యాండ్ సిగ్నల్ బలహీనపడడం సహజమని ఒప్పుకుంటాను, దానికి మిమ్మల్ని తప్పుపట్టను. కానీ చిన్న తుంపరకు, ఒక్కోసారి ఎండ కాస్తుండగానే బొమ్మ పోవడానికి వాన కారణం కాదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల తాకిడికి గురయ్యే ఊరు మాది. అప్పటికల్లా డిష్ గట్టిగా, సరైన దిశలో ఉండాలి.

ఆ టెక్నీషియన్ మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. సంచిలో కేబుల్ పెట్టి పంపనిది, మేడ ఎక్కి సిగ్నల్ చూసి రమ్మని చెప్పనిది సంస్థే కదా.

ఇక సొమ్ము సంగతి. హెచ్‌డీ ప్యాక్‌కు మారినప్పుడు పాత తెలుగు ఎస్‌డీ ప్యాక్‌ను తీసేయమని స్పష్టంగా చెప్పాం. అయినా రెండు ప్యాక్‌లకూ, పైగా 18 శాతం జీఎస్‌టీతో సహా, మా ఖాతాలోంచి కోస్తున్నారు. ఒకే చానల్‌కు ఎస్‌డీ రూపంలో ఒకసారి, హెచ్‌డీ రూపంలో మరోసారి మేము ధర కడుతున్నాం. ఒక బొకేలో, అంటే కలిపి అమ్మే చానళ్ల కట్టలో, ఒకే చానల్ రెండు రూపాలూ కలిపి ఉంచరాదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తన 2017 టారిఫ్ ఉత్తర్వులో పేర్కొంది. రెండు వేర్వేరు బొకేలుగా పెట్టి అదే భారాన్ని, అదీ చందాదారు వద్దన్న తరువాత, మోపడం ఆ ఉత్తర్వు స్ఫూర్తికి విరుద్ధమని నా అభిప్రాయం. ఏ చానల్ కావాలో ఎంచుకునే హక్కు చందాదారుదేనని 2019లో అమలులోకి వచ్చిన ఆ విధానం చెబుతోంది. పాత బాక్స్‌ను కూడా రసీదు ఇవ్వకుండా తీసుకువెళ్లారు. అది మేము డబ్బు పెట్టి కొన్నది.

ఇన్ని విషయాల మీద మేము చేసిన ఫిర్యాదులకు ఎవరూ ఇంటికి రాలేదు. కానీ ప్రతిసారీ ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అన్న సందేశం ఫోన్‌కు వచ్చింది. పని జరగకుండా జరిగినట్టు రాసుకోవడం వల్ల మీ రికార్డులలో మా ఇల్లు సంతృప్తి చెందిన ఖాతాగా నమోదై ఉంటుంది. అది నిజం కాదని ఈ లేఖ ద్వారా తెలియజేస్తున్నాను.

కనుక అనుభవం ఉన్న టెక్నీషియన్‌ను పంపి, ఎల్‌ఎన్‌బీని, పిన్నులను, బ్రాకెట్‌ను మార్పించి, డిష్ దిశ సరిచేయించి, మేడ మీద కాకుండా టీవీ ముందు హెచ్‌డీ చానళ్లు పెట్టి చూపించిన తరువాతే పని పూర్తయినట్టు నమోదు చేయించండి. మేము కొన్న హెచ్‌డీఎంఐ కేబుల్ ఖరీదును, కనెక్షన్ మారిన నాటి నుంచి ఎస్‌డీ ప్యాక్ కింద కోసిన మొత్తాన్ని మా ఖాతాలో జమ చేయండి. పాత బాక్స్‌ను తిరిగి ఇవ్వండి, లేదా దానికి తగిన విలువ కట్టండి. ఇకపై హెచ్‌డీ కనెక్షన్ ఇచ్చే ప్రతి ఇంటికీ కేబుల్ బాక్స్‌తోపాటే పంపే ఏర్పాటు చేస్తే మాతో సమానమైన ఇతర చందాదారులకూ మేలు జరుగుతుంది.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అలా జరగని పక్షంలో 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలియజేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. రసీదులతోపాటు తుప్పుపట్టిన బ్రాకెట్ ఫొటోలు, సిగ్నల్ పట్టీ ఫొటో, పరిష్కరించామంటూ మీరు పంపిన సందేశాల నకళ్లు కూడా జతచేస్తున్నాను.

భవదీయుడు,
మీ చందాదారు.