అద్దె బకాయి తీరింది, తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా ఇంటి అద్దె బకాయి ఈ నెలతో పూర్తిగా తీరిపోయింది. ఇల్లు పోతుందేమో అన్న భయం మా ఇంట్లోంచి వెళ్లిపోయింది. మాకు సాయం చేసినవాళ్లకి విడివిడిగా చెప్పాను కానీ, నలుగురిలో కూడా చెప్పాలనిపించింది. మాలాగే టెన్షన్ పడుతున్న తెలుగు కుటుంబాలు లండన్‌లో ఇంకా ఉన్నాయని నాకు తెలుసు. వాళ్లకీ ఇది పనికొస్తుంది.

మేం ఈస్ట్ హామ్ దగ్గర హౌసింగ్ అసోసియేషన్ (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే లాభాపేక్ష లేని సంస్థ) ఫ్లాట్‌లో ఉంటాం. మావారు మినీక్యాబ్ నడిపేవారు, నేను స్కూల్ వంటగదిలో పని చేస్తాను. 2024 చివర్లో ఆయనకు స్ట్రోక్ వచ్చింది. సొంతంగా క్యాబ్ నడుపుకునేవాళ్లకి సిక్ పే ఉండదు, ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్‌కి అప్లై చేస్తే మొదటి డబ్బు రావడానికి ఐదు వారాలు. ఈలోపు ఆస్పత్రికి తిరగడాలు, ఇద్దరు పిల్లలు, ముందే డబ్బు వేస్తే గానీ నడవని కరెంటు మీటర్. బకాయి 2,000 పౌండ్లు దాటింది. ఇల్లు ఖాళీ చేయించే ప్రక్రియ మొదలవుతుందని నోటీసు వచ్చింది.

ఆ నోటీసు తర్వాత ఫోన్ చేసిన ఇన్‌కమ్ ఆఫీసర్‌కి నా మొదటి నమస్కారం. అద్దె వసూలు చేయడం ఆవిడ ఉద్యోగం. కానీ ఆవిడ మొదట అడిగింది ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, ఏం తింటున్నారు, మీటర్‌లో డబ్బుందా అని. నాకు ఇంగ్లీషు వచ్చు, అయినా అప్పుల లెక్కలు, నోటీసు భాష తల తిరిగేలా ఉంటాయి. అది గమనించి, నేను అడగకముందే ఫోన్‌లో తెలుగు అనువాదకురాలిని కలిపారు. మనసులో ఉన్నదంతా తెలుగులో చెప్పుకోగలిగాను. తర్వాత ఇంటికొచ్చి, ఆదాయం, ఖర్చులు కాగితం మీద రాయించి, తిండికీ బస్సులకీ పోగా మిగిలేది ఎంతో చూశారు. దాన్ని బట్టి మామూలు అద్దెతో పాటు వారానికి 10 పౌండ్లు బకాయి కింద కడితే చాలని రాసిచ్చారు.

కోర్టుకి వెళ్లే ముందు సోషల్ ల్యాండ్‌లార్డ్‌లు (కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్లు) ఇలా చేయాలని ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో నిబంధనే ఉంది, దాన్ని ప్రీ-యాక్షన్ ప్రోటోకాల్ అంటారు. కిరాయిదారుతో త్వరగా మాట్లాడాలి, వాళ్లు కట్టగలిగినంతకే ఒప్పందం కుదుర్చుకోవాలి, బెనిఫిట్ అప్లికేషన్ నిర్ణయం కాకుండా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నిబంధన అందరికీ ఒకటే అయినా, దాన్ని మనసుపెట్టి పాటించేవాళ్లు దొరకడం మా అదృష్టం.

ఆవిడ చూపించిన ఒక లెక్క ఇక్కడ రాస్తున్నాను, చాలామందికి తెలియకుండా బకాయి పడేది ఇక్కడే. అద్దె వారానికి 140 పౌండ్లు అనుకోండి. నెలంటే నాలుగు వారాలే కదా అని 560 కడుతూ పోతే, ఏడాదికి 6,720 అవుతుంది. కానీ 52 వారాలకు అద్దె 7,280. అంటే ఒక్క నెల కూడా ఎగ్గొట్టకుండా ఏడాది తిరిగేసరికి 560 పౌండ్లు బాకీ! నెలకు కట్టాల్సింది దాదాపు 607. నాలాగా నాలుగు వారాలకోసారి జీతం తీసుకునేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఏడాదికి 13 జీతాలు కాబట్టి, ఒక నెల లెక్కలో రెండు జీతాలు పడతాయి, ఆ నెల యూనివర్సల్ క్రెడిట్ బాగా తగ్గిపోతుంది. ఆ నెల ఏదో ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టించి, రెండో జీతంలోంచి అద్దె పక్కన పెట్టమన్నారు. కొన్నాళ్ల పాటు యూనివర్సల్ క్రెడిట్‌లోని అద్దె భాగం నేరుగా ల్యాండ్‌లార్డ్‌కే వెళ్లేలా కూడా ఏర్పాటు చేశారు. అప్పట్లో నాకు అదే పెద్ద ఊరట.

రెండో నమస్కారం ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ సిటిజన్స్ అడ్వైస్‌లో మాకు దొరికిన పెద్దాయనకి. రిటైరయ్యాక జీతం లేకుండా అక్కడ పనిచేస్తున్నారు. అద్దె ఒక్కటే కాదు, క్రెడిట్ కార్డు, స్థానిక కౌన్సిల్‌కి కట్టే కౌన్సిల్ ట్యాక్స్ బాకీలు కూడా ఉన్నాయని ఆయనకి చెప్పాం. వెంటనే బ్రీతింగ్ స్పేస్‌కి పెట్టించారు. 2021 మే 4 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్న పథకం ఇది. 60 రోజుల పాటు చాలా రకాల అప్పుల మీద వడ్డీ, వసూలు చర్యలు ఆగుతాయి. ఆ రోజుల్లో వచ్చే కొత్త అద్దె మాత్రం కట్టుకుంటూ ఉండాలి. మనంతట మనం అప్లై చేయలేం, అప్పుల సలహాదారు ద్వారానే వెళ్లాలి. ఇంటికొచ్చే ఉత్తరాలు, ఫోన్లు ఆగాక మావారు రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టారు.

మావారికి పిప్ వస్తుందని అంతవరకు మాకు ఎవరూ చెప్పలేదు. అది అనారోగ్యం వల్ల రోజువారీ పనులు చేసుకోలేనివాళ్లకి ఇచ్చే డబ్బు, ఆదాయంతో సంబంధం లేదు. ఆ ఫారం చాలా పెద్దది. చొక్కా గుండీలు పెట్టుకోవడం దగ్గర్నుంచి అన్నం కలుపుకోవడం దాకా మావారికి ఏది కష్టమో ఆ పెద్దాయన ఓపిగ్గా విని రాశారు. కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు, అద్దె కోసం కౌన్సిల్ ఇచ్చిన అదనపు సాయం, డిస్క్రెషనరీ హౌసింగ్ పేమెంట్ కూడా ఆయన పుణ్యమే. అద్దె బకాయిలో పెద్ద భాగం ఆ పేమెంట్‌తోనే పోయింది.

ఇక పరువు పోతుందని దాచుకున్న రోజుల్లో మా గుమ్మం ముందు కూరల సంచి పెట్టి వెళ్లిన పక్కింటి బంగ్లాదేశీ ఆపాకి, పిల్లల్ని స్కూల్ నుంచి తెచ్చిన తెలుగు స్నేహితురాళ్లకి ఎంత చెప్పినా తక్కువే.

ఆ స్నేహితురాళ్లలో ఒక అక్కకి ప్రత్యేకంగా నమస్కారం. నోటీసు వచ్చిన వారంలో ఒకాయన వందకు నెలకు పది వడ్డీతో డబ్బిస్తానన్నాడు, పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టమన్నాడు. అక్క గట్టిగా వద్దంది. లైసెన్స్ లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం ఇక్కడ నేరం. నేరం ఇచ్చినవాళ్లది, తీసుకున్నవాళ్లది కాదు. అలాంటివాళ్ల చేతిలో ఇరుక్కుంటే, వాళ్ల మీద చర్య తీసుకునే స్టాప్ లోన్ షార్క్స్ బృందానికి ఫోన్ చేయవచ్చు, మన పేరు బయటపెట్టరు.

అక్కే నన్ను క్రెడిట్ యూనియన్‌కి తీసుకెళ్లింది. అక్కడ కూర్చుని వింటుంటే నెల్లూరు జిల్లాలో మా అమ్మ పొదుపు లక్ష్మి సంఘమే గుర్తొచ్చింది, రోజుకో రూపాయి లెక్కన నెల నెలా కట్టేది. ఇక్కడా సభ్యుల పొదుపులోంచే సభ్యులకు అప్పు. వడ్డీ నెలకు 3 శాతం మించకూడదని చట్టం. పాడైన వాషింగ్ మెషిన్ స్థానంలో కొత్తది అలానే కొన్నాం, అప్పు కడుతూనే కొంచెం పొదుపూ చేస్తున్నాను. యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటూ పని చేసేవాళ్లకి హెల్ప్ టు సేవ్ ఖాతా కూడా ఉంది. నెలకు 50 పౌండ్ల దాకా వేసుకోవచ్చు, దాచినదానికి సగం బోనస్ ప్రభుత్వం ఇస్తుంది, నాలుగేళ్లలో గరిష్ఠంగా 1,200 పౌండ్లు. నేను నెలకు 15 వేస్తున్నాను.

స్టూడెంట్ వీసా, వర్క్ వీసాల మీద ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. మీకు పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ ఆర్థిక సాయాలు) లేవని వీసాలో ఉంటే యూనివర్సల్ క్రెడిట్, పిప్, కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు లాంటివి అడగకండి, వీసాకే ఇబ్బంది. కానీ సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్‌లలో అప్పుల గురించి ఉచితంగా సలహా అడగడానికి ఆ అడ్డు లేదు. భయపడి ఊరుకోవద్దు.

మావారు ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తున్నారు. మీ అందరికీ ఆయన తరఫున కూడా చేతులెత్తి నమస్కారం. అద్దె ఉత్తరం వచ్చి ఏం చేయాలో తెలియక ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. శనివారం నాకు సెలవు, ఆ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేయండి, కలిసి చదువుదాం. ఆఫీసుకి తోడు రావాలన్నా వస్తాను.