యూదుల చరిత్ర చెప్పడానికి ఏ సినిమా వేయాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల ఊచకోత గురించి పిల్లలకు చెప్పాలంటే సినిమా వేసి చూపించడమే తేలిక అని మా సోషల్ టీచర్లలో చాలామంది అంటున్నారు. నేనూ హైస్కూల్లో సోషలే చెబుతాను, సినిమా చూపించాలనే నా మాట కూడా. పుస్తకంలో 60 లక్షల మందిని చంపారని ఉంటుంది, పిల్లలు ఆ అంకె కింద గీత గీసుకుంటారు, పరీక్షలో రాస్తారు, అక్కడితో సరి. అందులో 15 లక్షల మంది దాకా పిల్లలేనని, పాలు తాగే పసివాళ్లు కూడా ఉన్నారని అంకె చూస్తే తోచదు, తెర మీద ఒక మొహం చూస్తే తోస్తుంది. అయితే ఏ సినిమా వేస్తున్నాం, వేశాక ఏం మాట్లాడుతున్నాం అన్నది ఎవరూ పట్టించుకోవడం లేదు. నా బాధ అదే.

చాలామందికి ముందు గుర్తొచ్చేది 2008లో వచ్చిన ‘ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పజామాస్’. గంటన్నరలో అయిపోతుంది, ఇద్దరు చిన్నపిల్లల స్నేహం, ఇట్టే నచ్చుతుంది. నాజీ క్యాంపు అధికారి కొడుకు ఇంట్లోంచి జారుకుని కంచె దగ్గర కూర్చుని, లోపలున్న యూదు కుర్రాడితో కబుర్లు చెబుతుంటాడు. ఇది కల్పిత కథ, నిజంగా జరిగే వీల్లేనిది. పోలండ్‌లో నాజీలు పెట్టిన ఆష్విట్జ్ చావు క్యాంపు కంచెల్లో కరెంటు పారేది, పైన తుపాకులతో కాపలా ఉండేది, ఆ ఈడు యూదు పిల్లల్లో ఎక్కువమందిని రైలు దిగిన రోజే గ్యాస్ గదుల్లోకి తోలి చంపేశారు. పైగా ఆఖర్లో ఆ అధికారి కొడుకు కూడా గ్యాస్ గదిలో చనిపోతాడు, సినిమా చూసే పిల్లలు ఏడ్చేది ఎక్కువగా వాడి కోసం, వాడి తల్లి కోసం. అలా కన్నీళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చిన పిల్లవాడు యూదుల గురించి ఏం నేర్చుకున్నట్టు?

2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు ఇంగ్లండ్‌లో వేల మంది విద్యార్థులను అడిగి చూస్తే, ఈ విషయం మీద వాళ్లలో ఎక్కువమందికి తెలిసిన కథ ఇదేనని తేలింది. అంతటికీ కారణం హిట్లరే అనుకునేవాళ్లూ చాలామంది కనిపించారు. ఈ సినిమాకు మూలమైన నవల జోలికి చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు పోవద్దని 2020లో ఆష్విట్జ్ మ్యూజియం వాళ్లే బాహాటంగా చెప్పారు.

మా క్లాసులో కూడా మొదట వచ్చే ప్రశ్న ‘హిట్లర్‌కి యూదులంటే ఎందుకంత కోపం సార్’ అనే. ఒకడి కోపంతో 60 లక్షల మంది చావరు కదా. అందుకని నేను క్లాడ్ లాంజ్‌మన్ తీసిన ‘షోవా’లో ఒక చిన్న ముక్క వేస్తాను. 1985 నాటి ఆ డాక్యుమెంటరీ తొమ్మిది గంటల పైనే, మొత్తం చూపించమని ఎవరికీ చెప్పను. అందులో రౌల్ హిల్‌బర్గ్ అనే చరిత్రకారుడు జర్మన్ రైల్వే టైంటేబుల్ కాగితం ఒకటి చేత్తో పట్టుకుని చదివి చెబుతాడు. పోలండ్‌లోనే ఉన్న ట్రెబ్లింకా అనే ఇంకో చావు క్యాంపుకు రైలు నిండుగా వెళ్తుంది, ఖాళీగా తిరిగొస్తుంది, మళ్లీ నిండుగా వెళ్తుంది. ఆ ఒక్క కాగితం వెనక పది వేల ప్రాణాలు పోయి ఉంటాయని లెక్క కడతాడు. చంపడానికి తీసుకెళ్తున్న మనుషులకు కూడా రైల్వే వాళ్లు మూడో తరగతి చార్జీ వేశారు, పదేళ్ల లోపు పిల్లలకు హాఫ్ టికెట్, నాలుగేళ్ల లోపు వాళ్లకు ఫ్రీ, యూదులకు పోవడానికే టికెట్, కాపలా వాళ్లకు రానూపోనూ. హాఫ్ టికెట్ అంటే ఏమిటో మా పిల్లలకు ఆర్టీసీ బస్సుల్లో తెలిసిందే. అక్కడి నుంచి ప్రశ్నలు మారిపోతాయి, టికెట్ లెక్క రాసిన గుమస్తాకు తెలుసా, ఇంజన్ నడిపినవాడికి తెలుసా, స్టేషన్లో చూసినవాళ్లు ఏం చేశారు అని.

రెండోది నాజీలే తీయించిన సినిమా, దీన్ని తప్పకుండా వేయాలంటాను. ఇప్పటి చెక్ దేశంలో నాజీలు యూదులను బంధించి ఉంచిన టెరెజీన్ అనే ఊరికి 1944 జూన్‌లో రెడ్‌క్రాస్ బృందం వస్తుందని ముందే గోడలకు రంగులేయించారు, తోటలు పెట్టించారు, జనం కిక్కిరిసి కనపడకూడదని 7,500 మందిని ఆష్విట్జ్‌కు పంపేశారు. వచ్చినవాళ్లు అంతా బాగుందనుకుని వెళ్లారు. ఆ అలంకారం చెరిగిపోకముందే అక్కడే ఖైదీగా ఉన్న కుర్ట్ గెరాన్ అనే యూదు నటుడి చేత సినిమా తీయించారు. ఆ సినిమాలో ఇప్పటికి మిగిలిన ముక్కల్లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటుంది, పిల్లలు వేసిన సంగీత నాటకం ఉంటుంది. షూటింగ్ అయిన కొద్ది వారాలకే గెరాన్‌ను, అందులో కనిపించిన వాళ్లలో చాలామందిని ఆష్విట్జ్‌కు తీసుకెళ్లి చంపేశారు. ముందు ఏమీ చెప్పకుండా ఈ ముక్క వేసి, ఏం చూశారో పిల్లలతో రాయించి, ఆ తర్వాత అసలు సంగతి చెప్పండి. ఫోన్లో వచ్చిన ప్రతి వీడియోనూ నమ్మే వయసు వాళ్లకు ఇది ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు.

‘షిండ్లర్స్ లిస్ట్’ వద్దా అంటారు. గొప్ప సినిమా, పెద్ద తరగతులకు వేయొచ్చు. కానీ పోలండ్‌లో 30 లక్షల మంది యూదులు పోతే అది షిండ్లర్ అనే జర్మన్ వ్యాపారి చలవతో బతికి బయటపడ్డ 1,200 మంది కథ. దాని పక్కన 1990లో ఆంద్రే వాయ్దా తీసిన ‘కోర్చాక్’ కూడా పెట్టాలి. పోలండ్ రాజధాని వార్సాలో యూదులను గోడ కట్టి బంధించిన పేటలో (ఘెట్టోలో) అనాథాశ్రమం నడిపిన డాక్టర్ యానుష్ కోర్చాక్ 1942 జులైలో తన పిల్లల చేత మన టాగోర్ ‘డాక్ ఘర్’ నాటకం వేయించాడు, మంచం పట్టిన అమల్ అనే కుర్రాడు రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ. ఆగస్టు మొదట్లో ఆ పిల్లలు దాదాపు 200 మందినీ ట్రెబ్లింకా రైలెక్కించారు, వాళ్లను వదలనని ఆయనా ఎక్కాడు, ఎవరూ తిరిగి రాలేదు. సినిమా చివర్లో రైలు పెట్టె విడిపోయి పిల్లలు పొలాల్లోకి పరిగెత్తినట్టు చూపిస్తారు, అది దర్శకుడి ఊహ అని పక్కనుండి టీచరే చెప్పాలి.

ఇవన్నీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూపిస్తే మా తెలుగు మీడియం పిల్లలు చదివేలోపే దృశ్యం మారిపోతోంది. రెండు రాష్ట్రాల విద్యాశాఖలు హక్కుదారుల అనుమతి తీసుకుని పది నిమిషాల ముక్కలు నాలుగైదు ఎంచి, తెలుగు సబ్‌టైటిల్స్ వేయించి స్కూళ్లకు పంపాలి, చూపించడానికి ఒకటి, మాట్లాడటానికి ఒకటి చొప్పున రెండు పీరియడ్లు ఇవ్వాలి. జనవరి 27 ఆష్విట్జ్‌కు విముక్తి దొరికిన రోజు, ప్రపంచమంతా స్మరించుకునే రోజు. ఆ తేదీకి ఒక్క ముక్కయినా మా చేతికొస్తే మిగతాది మేం చూసుకుంటాం.

ఒక సోషల్ టీచర్,
నల్గొండ జిల్లా