శ్రీనూ, బ్రూస్ లీ నిజంగానే కొట్లాడినవాడు రా

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తణుకు పెళ్ళిలో ఆకుల ముందు కూర్చుని మనం మొదలుపెట్టిన గొడవ నువ్వు ఈపాటికి మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు. పెరుగు వడ్డించే వేళకి మీవాడు అడిగాడు చూడు, "బ్రూస్ లీ ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడలేదు కదా పెదనాన్నా, ఫైటర్ అని ఎలా అంటారు?" అని. నువ్వేమో వెంటనే "అదంతా కెమెరా మాయరా" అనేశావు. బస్సుకి టైమైపోతోందని నేను జవాబు చెప్పకుండానే చేయి కడుక్కుని లేచాను. అప్పట్నుంచీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. ఫోన్ చేస్తే సగంలో అడ్డు తగులుతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీవాడు చెప్పినదాంట్లో నిజం ఉంది. బ్రూస్ లీ డబ్బు తీసుకుని రింగులోకి దిగిన మనిషి కాదు. కరాటే టోర్నమెంట్లలోనూ పోటీ చెయ్యలేదు. 1964లో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో ఎడ్ పార్కర్ పెట్టిన కరాటే పోటీలకి వెళ్ళాడు గానీ, అక్కడ చేసింది ప్రదర్శన. రెండు వేళ్ళమీద దండీలు తీశాడు, అంగుళం దూరం నుంచి గుద్ది ఎదుటివాణ్ణి వెనకున్న కుర్చీలో కూలేశాడు. కాలిమడమ దగ్గర పుట్టిన బలం నడుము తిరిగి పిడికిట్లోకి ఎలా వస్తుందో దాంట్లో కళ్ళకి కనిపిస్తుంది. ఆ గుద్దంటే నాకు ప్రాణం. కానీ గుద్దించుకున్నవాడు కదలకుండా నిలబడ్డాడు, తిరిగి కొట్టలేదు. కాబట్టి దాన్ని కొట్లాట కింద లెక్క వెయ్యను.

నువ్వు గ్రూపులో పంపిన వీడియో కూడా పక్కన పెట్టు. నాన్‌చాక్‌తో, అదే గొలుసుతో కలిపిన రెండు కర్రలతో, పింగ్‌పాంగ్ ఆడేది. అది 2008లో నోకియా ఫోను కోసం తీసిన ప్రకటన. అందులో ఉన్నది ఆయన పోలికలున్న వేరే మనిషి. ఆయన పోయింది 1973 జులై 20న, ముప్పై రెండేళ్ళకే. ఇలాంటివి తిప్పి తిప్పి మనమే ఆయన మీద అనుమానం పుట్టించాం. రేపు ఎవరో ఆ వీడియో అబద్ధమని తేలిస్తే, మనిషే అబద్ధమనుకుంటారు కదా!

ఇంక అసలు సంగతికి వస్తాను. హాంకాంగ్‌లో ఆయన కుర్రతనమంతా వీధి గొడవలే. వాళ్ళ నాన్న కాంటనీస్ ఒపెరా నటుడు, ఈయనా చిన్నప్పట్నుంచే సినిమాల్లో వేషాలు వేశాడు. కానీ ఇంటి బయట ముఠాలు, మేడల మీద పందేలు. అక్కడ ఒక కుంగ్‌ఫూ బడి కుర్రాళ్ళు ఇంకో బడి వాళ్ళని సవాలు చేసి డాబాల పైన కొట్టుకునేవాళ్ళు. ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్‌చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతిలో చేరాడు గానీ, నేర్పడంలో ఎక్కువ చెయ్యి వాంగ్ షున్‌ల్యూంగ్ అనే సీనియర్‌ది. ఆ డాబా కొట్లాటల్లో పేరు మోసినవాడతను. 1958లో స్కూళ్ళ మధ్య బాక్సింగ్ పోటీల్లో బ్రూస్ లీ, అప్పటిదాకా టైటిల్ ఉన్న ఇంగ్లీషు కుర్రాడు గ్యారీ ఎల్మ్స్‌ని ఓడించాడు. గ్లౌజులు, రిఫరీ, రౌండ్లు అన్నీ ఉన్న పోటీ అది. రాసిపెట్టిన లెక్క అడిగితే చూపించడానికి ఉన్నది అదొక్కటే. ఆ ఏడే చా చా డాన్సులోనూ హాంకాంగ్ ఛాంపియన్ అయ్యాడు. పాదాల్లో ఆ తేలిక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అది చదివాకే అర్థమైంది. గొడవలు ముదిరి పోలీసుల దాకా వెళ్ళేసరికి, 1959లో ఇంట్లోవాళ్ళు ఓడెక్కించి అమెరికా పంపేశారు.

సియాటిల్‌లో హోటల్లో పనిచేస్తూ చదువుకునే రోజుల్లో ఒక జపనీస్ కరాటే కుర్రాడు పదేపదే కవ్వించాడు. వైఎంసీఏ హ్యాండ్‌బాల్ కోర్టులో తేల్చుకున్నారు. చూసినవాళ్ళలో జెస్సీ గ్లోవర్ ఉన్నాడు. అమెరికాలో బ్రూస్ లీకి మొదటి శిష్యుడు, స్వయంగా జూడోలో గట్టివాడు. మొత్తం పదకొండు సెకన్లలో ముగిసిందని అతని సాక్ష్యం. ఎదుటివాడు తన్నబోయాడు, ఈయన అడ్డుకుని మొహం మీద వరసగా గుద్దుకుంటూ గోడదాకా తీసుకుపోయాడు.

ఇక అమెరికాలోనే ఓక్లండ్ ఊళ్ళో జరిగింది. నేను నీకు చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా దీనికి ముందుమాట అనుకో.

1964 చివర్లో వాంగ్ జాక్‌మన్ అనే కుంగ్‌ఫూ ఆటగాడు ఓక్లండ్‌లో బ్రూస్ లీ బడికి వచ్చాడు. తలుపులు వేసుకుని కొట్లాడారు. ఫిల్ము తియ్యలేదు, చూసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. బ్రూస్ లీ భార్య లిండా అప్పుడు కడుపుతో ఉంది. మూడు నిమిషాల్లో అయిపోయింది, ఆయనే గెలిచాడు అంటుందామె. అవతలి పక్షం వాళ్ళు ఇరవై నిమిషాలకి పైనే జరిగింది, ఎవరూ గెలవలేదు అంటారు. అరవై ఏళ్ళుగా ఈ తగువు తెగలేదు. కానీ ఒరేయ్, లిండా చెప్పినదాంట్లోనే ఒక ముక్క ఉంది. గెలిచాక ఆయనకి సంతోషం లేదు. అవతలివాడు వెనక్కి తిరిగి పరిగెత్తుతుంటే వెంటబడి కొట్టాల్సొచ్చింది, చేతులు వాచాయి, ఊపిరి అందలేదు. ఇంతసేపు పట్టడమేమిటని తనమీద తనకే కోపం వచ్చింది.

ఈ ముక్క ఎవరో కల్పించింది కాదని నాకెందుకు నమ్మకమో చెప్తాను. నువ్వు దుబాయ్‌లో ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర ఒక బాక్సింగ్ హాల్లో చేరాను. మున్సిపల్ హైస్కూల్ గ్రౌండులో కరాటే మాస్టారు మనచేత తెల్లారగట్ల చేయించిన కటాలు, ఆ వరస అడుగులూ దెబ్బలూ, అప్పటికీ కాళ్ళకి గుర్తున్నాయి, బ్రౌన్ బెల్టు బీరువాలో ఉంది. పద్ధెనిమిదేళ్ళ కుర్రాడితో స్పారింగ్, అంటే సాధన కోసం ఆడే కొట్లాట, పెట్టారు. మూడు నిమిషాల రౌండు. వాడి ముందు చేతి గుద్దు, జాబ్ అంటారు, మొదటిది ముక్కు మీద పడగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగి వాడు ఇద్దరిలా కనిపించాడు. నేను కోపంగా మీదకి వెళ్తే వాడు కొట్టడు, వెనక్కి జరుగుతాడు, పక్కకి తప్పుకుంటాడు. గాల్లో పోయిన ప్రతి గుద్దూ భుజంలోంచి ఇంత బలం లాక్కుపోతుంది. నిమిషంన్నర దాటేసరికి నా చేతులు నావి కావు. గ్లౌజులు గడ్డం దగ్గర పెట్టుకోవాలని తెలుసు, మనసు చెప్తోంది, అవి పొట్ట దగ్గరే వేలాడుతున్నాయి. నోట్లో ఇనుము రుచి. అప్పుడు నాకు ఓక్లండ్ గుర్తొచ్చింది. పారిపోయేవాణ్ణి వెంటపడి కొట్టడం కంటే దమ్ము తినేసే పని ఇంకోటి లేదు. లిండా చెప్పిన అలసట నాకు నా భుజాల్లో తెలిసింది.

ఆ తర్వాత ఆయన చేసింది చూడు. గెలిచాను కదా అని ఊరుకుంటే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అప్పటికే శిష్యులున్నారు, రెండు ఊళ్ళలో బడులున్నాయి. అయినా, చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న వింగ్‌చున్ చాలదని ఒప్పుకున్నాడు. పరుగు, తాడాట మొదలుపెట్టాడు. మహమ్మద్ ఆలీ బాక్సింగ్ ఫిల్ములు తెచ్చుకుని ఆ అడుగులు పట్టుకున్నాడు. అన్నయ్య పీటర్ కత్తిసాము ఆటగాడు. ఎదుటివాడు దెబ్బకి బయల్దేరే క్షణంలోనే మన దెబ్బ పడాలన్నది ఫెన్సింగ్‌లోంచి తీసుకున్నాడు. 1967లో దీనికి జీత్ కునే డో అని పేరు పెట్టాడు. వచ్చే పిడికిలికి మధ్యలోనే ఎదురుకొట్టే దారి అని అర్థం. కరాటే టోర్నమెంట్లలో దెబ్బ తగలకుండా ఆపేసి పాయింట్లు ఇస్తున్న కాలంలో, ఆయన తలకి రక్షణ, ఛాతీకి కవచం, చేతికి గ్లౌజులు తొడిగించి, నిజంగా కొట్టుకోండి అన్నాడు. మనం ఎన్నేళ్ళు గాలిని కొట్టాం శ్రీనూ! మాస్టారి మీద నాకున్న గౌరవం ఎక్కడికీ పోదు, కానీ ఒక్కరోజైనా నీ గుద్దు నాకు తగలనిచ్చి ఉంటే ఎంత బాగుండేది.

ఇంకో సాక్ష్యం ఆయనతో సాధన చేసినవాళ్ళు. చక్ నారిస్, మైక్ స్టోన్, జో లూయిస్. అమెరికా కరాటేలో అప్పటికే గెలిచి పేరు తెచ్చుకున్నవాళ్ళు. బరువులో జో లూయిస్ ముందు బ్రూస్ లీ పిల్లాడిలా ఉంటాడు. అతను 1970లో కిక్‌బాక్సింగ్ రింగులోకి దిగి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. తన ఆటలో ఆయన దగ్గర నేర్చుకున్నది ఉందని అతనే చెప్పుకున్నాడు. సినిమా ట్రిక్కులు నేర్చుకోవడానికి ఛాంపియన్లు ఎవరింటికీ వెళ్ళరు కదా.

ఆలీతో కొట్లాడితే ఎవరు గెలుస్తారని కూడా అడిగావు. దానికి బ్రూస్ లీయే జవాబు చెప్పాడట. ఆలీ ఫిల్ము చూస్తూ, ఈ చిన్న చేతులతో నేనెక్కడ, ఆయన నన్ను చంపేస్తాడు అన్నాడని ఆయనతో నటించిన బోలో యెంగ్ చెప్పాడు. ఈయన సుమారు అరవై నాలుగు కిలోలు, ఆలీ తొంభై అయిదు పైన. ఆ తేడా ఎంతో ఆయనకి తెలుసు. నాకు ఆయన మీద గౌరవం ఆ మాటతో ఇంకా పెరిగింది. ప్రపంచంలో ఎవణ్ణైనా కొట్టేసేవాడని మనవాళ్ళు చెప్తే మాత్రం నేను ఒప్పుకోను. అంత బరువున్న, కుస్తీ బాగా తెలిసిన మనిషి మీద పడితే కష్టమే. జీన్ లెబెల్ దగ్గర జూడో పట్లు నేర్చుకున్నాడంటే ఆ లోటు ఆయనకీ తెలిసే ఉండాలి.

1970లో బరువులతో వ్యాయామం చేస్తూ నడుము దెబ్బతింది. ఇక కాలెత్తి తన్నలేవన్నారు డాక్టర్లు. నెలల తరబడి మంచం మీద ఉండి తన ఆట గురించి రాస్తూ కాగితాలు నింపాడు. మనం చూసిన ఆ సినిమాలన్నీ ఆ నడుముతోనే, ఆ తర్వాత చేసినవే.

మీవాడికి ఒక్కటి చూపించు. ఎంటర్ ద డ్రాగన్‌లో మొదటి కొట్లాట, సామో హంగ్‌తో. వేళ్ళు బయటికి కనపడే చిన్న గ్లౌజులు, ఒంటిమీద పొట్టి నిక్కరు, చివర్లో కింద పడేసి కీలు విరిచి పట్టు. మీవాడు రోజూ చూసే యూఎఫ్‌సీ, గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన ఆ పోటీలు, మొదలైంది 1993లో, ఈ సినిమా వచ్చింది 1973లో. అదీ సినిమానే, ముందే అనుకుని చేసిందే. కానీ ఆ ఆలోచన ఎవరిది? దెబ్బలు తిని, చాలదని తెలుసుకున్నవాడికే వచ్చే ఆలోచన అది.

సంక్రాంతికి ఊరొస్తున్నాను. 1967 నాటి ఆయన స్పారింగ్ ఫిల్ము, తలకి కవచాలు పెట్టుకుని చేసింది, పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. ముగ్గురం కూర్చుని నెమ్మదిగా చూద్దాం, ఆయన ముందు కాలు ఎలా పడుతుందో ఆపి ఆపి చూపిస్తాను. మీవాణ్ణి గ్లౌజులు తెచ్చుకోమను. నీకూ ఒక జత చూడమను. మనిద్దరం ఒక్కసారన్నా నిజంగా ఒక రౌండు ఆడాలిరా.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు