అరిసెలు ఆలస్యమైన సంగతి, హుండీ లెక్క

మెల్‌బోర్న్‌లోని మా పచ్చళ్ల దుకాణం నుంచి సంక్రాంతి అరిసెలు పండుగ వెళ్లిన నాలుగో రోజున అందుకున్న ముప్పై ఒక్క ఇళ్లవారికి ముందుగా క్షమాపణ. డబ్బు తిరిగి ఇస్తానంటే మీలో చాలామంది వద్దన్నారు. వద్దన్నవారి పేర్లు కూడా పుస్తకంలో రాసి పెట్టాను, వచ్చే పండుగకు ఆ మేరకు తగ్గించి తీసుకుంటాను. ఎందుకు ఆలస్యమైందో కౌంటరు దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. ఇప్పుడు, 2020 ఫిబ్రవరి మొదటి వారంలో, కాస్త తీరిక దొరికింది కాబట్టి మొత్తం ఒకేచోట చెబుతున్నాను. తప్పు నాదే ఎక్కువ.

2019 డిసెంబరు 29న, కార్చిచ్చు ముంచుకొస్తోందని, ఆస్ట్రేలియాలోని మన విక్టోరియా రాష్ట్రంలో తూర్పు గిప్స్‌లాండ్‌లో ఉన్న పర్యాటకులంతా, అంటే దాదాపు 30 వేల మంది, వెంటనే బయలుదేరి వెళ్లిపోవాలని అధికారులు చెప్పారు. ఏళ్ల తరబడి వానలు సరిగా లేక ఎండిన అడవి. నవంబరులో పిడుగులకు అంటుకుని ఆరకుండా రగులుతున్న మంటలు. వాటికి 40 డిగ్రీలు దాటిన ఎండ, గాలి తోడయ్యాయి. యూకలిప్టస్ బెరడు నిప్పుతోనే ఊడి, గాలికి ఎగిరి, కిలోమీటర్ల దూరంలో పడి కొత్త మంట పెడుతుంది. సార్స్‌ఫీల్డ్, క్లిఫ్టన్ క్రీక్‌లలో ఇళ్లు పోయాయి. క్లిఫ్టన్ క్రీక్‌లో పిల్లల బడి కూడా మిగలలేదు. 31న మల్లకూటాలో నాలుగు వేల మంది దాకా సముద్రపు ఒడ్డుకు చేరి, పట్టపగలే చీకటై ఆ తర్వాత ఎర్రబడిన ఆకాశం కింద నిలబడ్డారు. నౌకాదళం ఓడలు వచ్చి జనవరి 3న వెయ్యి మందికి పైగా ఎక్కించుకున్నాయి. ఈ ఫొటోలు మీరూ చూసే ఉంటారు.

నేను చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి దుకాణం తెరవగానే అట్టముక్క మీద 'కార్చిచ్చు బాధితులకు సామాన్లు ఇక్కడ ఇవ్వండి' అని రాసి తలుపుకు అంటించాను. ఎవరినీ అడగలేదు. ఇక్కడి లయన్స్ క్లబ్బులో మూడేళ్లుగా సభ్యుడిని, ఆ క్లబ్బునైనా అడగలేదు. మీరు మంచి మనసుతో తెచ్చారు, నేను వద్దనకుండా తీసుకున్నాను. మూడు రోజుల్లో అరవై రెండు పెట్టెలయ్యాయి. వాటిలో కొత్త దుప్పట్లు, బియ్యం బస్తాలు, పసిపిల్లల డైపర్లు ఉన్నాయి. గడువు దాటిన పాలపొడి, పట్టు చీర, పెళ్లి షేర్వాణీ, ఒకే ఒక్క కాలి బూటు కూడా ఉన్నాయి. అన్నీ వెనక గదిలో పేర్చాను. సంక్రాంతి బెల్లం, నువ్వులు పెట్టుకునే గది అది.

ఆదివారం, 5న, క్లబ్బు అత్యవసర సమావేశం. లయన్స్ క్లబ్బు అంటే మన ఊళ్లలో కంటి ఆసుపత్రి, ఉచిత శుక్లాల ఆపరేషన్లు గుర్తుకొస్తాయి. ఇక్కడ దాని ముఖం వేరు. మాది పంతొమ్మిది మంది క్లబ్బు. తల నల్లగా ఉన్నది నాకొక్కడికే, అదీ రంగు వల్ల. ఏడాది పొడుగునా సంతల్లో సాసేజీలు కాల్చి అమ్ముతారు, డిసెంబరులో క్రిస్మస్ కేకులు అమ్ముతారు. ఇంత చిన్న పనులు చేసే ముసలివాళ్లు కార్చిచ్చుకు ఏం చేయగలరని నాకు లోపల్లోపల అనుమానం ఉండేది.

మా కార్యదర్శి గారికి డెబ్బై దాటాయి. 2009 ఫిబ్రవరి 7న, బ్లాక్ సాటర్‌డే నాడు, ఇదే రాష్ట్రంలో కార్చిచ్చుకు 173 మంది చనిపోయారు. ఆ తర్వాత వారాల తరబడి సహాయ కేంద్రంలో వండిపెట్టిన మనిషి ఆవిడ. నా అరవై రెండు పెట్టెల సంగతి గర్వంగానే చెప్పాను. ఆవిడ మూడు ప్రశ్నలు వేశారు. ఇవి కావాలని ఎవరు అడిగారు? ఎవరు విడదీసి సర్దుతారు? అక్కడ ఎక్కడ పెడతారు? మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. అప్పటికే గిప్స్‌లాండ్‌లో గోడౌన్లు, హాళ్లు నిండిపోయి, ఇక సామాన్లు వద్దు, డబ్బు ఇవ్వండని ప్రభుత్వమే చెబుతోంది. నేను మాత్రం అట్టముక్క తీయలేదు.

నాకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే మాది దివిసీమ. 1977 ఉప్పెన తర్వాత సాయంగా వచ్చిన మూటలో మా నాయనమ్మ వంతుకు మోకాళ్ల దాకా వచ్చే ఉన్ని కోటు వచ్చింది. ఆవిడ దాన్ని చాలా ఏళ్లు ధాన్యం గాదె మీద కప్పి వాడుకుంది. ఇంట్లో నవ్వుకునే కథ అది. ఆ కోటు పంపినవారి స్థానంలో నేనే నిలబడతానని అనుకోలేదు.

11 శనివారం నుంచి 13 దాకా దుకాణం మూసి, క్లబ్బు వంట ట్రెయిలరుతో తూర్పు గిప్స్‌లాండ్‌లోని బైర్న్స్‌డేల్ వెళ్లాను. పెట్టెలు తీసుకువెళ్లలేదు. దాదాపు 280 కిలోమీటర్ల దారి, చివరి గంటంతా పొగలోనే. సిక్కు వాలంటీర్స్ ఆస్ట్రేలియా వారి వంట వ్యాను మాకంటే చాలా ముందే అక్కడికి చేరి రోజూ వేడి అన్నం, కూర పెడుతోంది. వాళ్ల పద్ధతి చూడవలసిందే, ఎక్కడా హడావిడి లేదు. మేము మంటలార్పి వచ్చే వాలంటీర్లకు తెల్లవారుజామున గుడ్లు, బేకన్, టీ ఇచ్చాము. రెండో రోజు నేను మిరపకాయలు సగానికి తగ్గించి నిమ్మకాయ పులిహోర కలిపాను. ఒకాయన మూడుసార్లు పెట్టించుకుని, పోపులో వేగిన శనగపప్పు ఏ గింజ అని అడిగాడు. ముప్పై గంటలుగా నిద్ర లేదట ఆయనకు.

అక్కడ ఏం కావాలో అక్కడి క్లబ్బులవారి దగ్గర పేజీలకు పేజీలు రాసి ఉంది. బట్టల మాట ఎక్కడా లేదు. పొలాల్లో ఇళ్లకు వాన నీళ్ల ట్యాంకులే ఆధారం. ప్లాస్టిక్ ట్యాంకులు కరిగిపోయాయి, ఇనుప ట్యాంకుల్లో బూడిద చేరింది. అందుకని నీళ్ల పంపులు, జనరేటర్లు కావాలి. గడ్డి కాలిపోయింది కాబట్టి పశువులకు మేత కావాలి. కంచెలు కాలిపోయాయి కాబట్టి మిగిలిన పశువులు రోడ్డెక్కుతున్నాయి. ఉన్న కాస్త పచ్చిక బీడులోనైనా వాటిని ఆపి మేపుకోవడానికి లేదు. మన దగ్గర పొలం గట్టు పోతే మళ్లీ వేసుకుంటాం. ఇక్కడ ఒక్కో రైతుకు పోయిన కంచె కిలోమీటర్ల లెక్క.

నన్ను అన్నిటికంటే తిన్నగా తాకిన మాట మాత్రం ఒక చిన్న దుకాణం యజమాని చెప్పింది. వేసవి ఆరు వారాలే వాళ్లకు ఏడాది మొత్తానికి సంపాదన. పర్యాటకులు వెళ్లిపోయారు. "మీరంతా బియ్యం, సబ్బులు ఉచితంగా పంచి వెళితే, ఇల్లు కాలని మా ఊరివాళ్లు కూడా నా దగ్గర కొనరు. ఇల్లు కాలినవాడికి మీరు సాయం చేస్తారు, దుకాణం మూతపడినవాడికి ఎవరు చేస్తారు?" అన్నాడు. నేనూ దుకాణదారుణ్నే. జవాబు చెప్పలేక అతని దగ్గర అవసరం లేకపోయినా నలభై డాలర్ల సరుకు కొన్నాను. అందుకే క్లబ్బు వస్తువులు పంచడం మాని, అక్కడి దుకాణాల్లోనే చెల్లే కూపన్లు కొని బాధితులకు ఇస్తోంది.

ఇప్పుడు మీ హుండీ లెక్క. కౌంటరు మీది డబ్బాలో 4,180 డాలర్లు వచ్చాయి. జనవరి 1 నుంచి 15 దాకా అమ్మకాల్లో పది శాతం ఇస్తానని నేను చెప్పిన మాటకు 2,365. మొత్తం 6,545. ఇందులో 3,000 బైర్న్స్‌డేల్ దుకాణాల కూపన్లకు, 1,900 లయన్స్ వారి నీడ్ ఫర్ ఫీడ్ గడ్డి లారీల డీజిలుకు, 1,145 కంచె పనిముట్లకు, చేతి తొడుగులకు, తీగకు వెళ్లాయి. 500 ఇంకా క్లబ్బు ఖాతాలో ఉంది. రసీదులు కౌంటరు దగ్గర ఫైలులో ఉన్నాయి, అడిగి చూడండి. అనుమానంతో అడిగినా నేను నొచ్చుకోను.

ఆ పది శాతం సంగతి కూడా చెప్పాలి. ఆవేశంలో అమ్మకాల మీద అన్నాను, లాభం మీద కాదు. అద్దె, జీతాలు పోగా పచ్చళ్ల దుకాణానికి పది శాతం మిగిలితే అదృష్టం. లెక్కలు చూసే మా ఆవిడ కళ్లజోడు పైనుంచి ఒక్క చూపు చూసింది, అంతే. మాట ఇచ్చాను కాబట్టి చెల్లించాను. జనవరి నష్టంతో ముగిసింది.

ఇక అరిసెలు. 13 రాత్రి తిరిగొచ్చి, నానబోసి ఉంచిన బియ్యం 14 తెల్లవారుజామున పిండి పట్టించి పాకం పెడదామనుకుంటే మెల్‌బోర్న్ అంతా పొగ. వంటగది తలుపు తీస్తే పొగ లోపలికి వస్తుంది, మూస్తే నూనె ఆవిరికి ఊపిరాడదు. పొగ అలారం రెండుసార్లు మోగింది. పనివాళ్లను ఇంటికి పంపేశాను. వెనక గది పెట్టెలతో నిండిపోవడంతో బెల్లం అట్టపెట్టెలు బయట షెడ్డులో పెట్టాము. 15 సాయంత్రం ఉరుములతో కుండపోత. షెడ్డులోకి నీళ్లు వచ్చి బెల్లం సగం కరిగి నేల పాలైంది. రాష్ట్రమంతా ఆ వాన కోసం ఎదురుచూస్తుంటే ఇక్కడ నేనొక్కడినే దాన్ని తిట్టుకున్నాను. కొత్త బెల్లం తెచ్చి 18 రాత్రి వండి, 19న ఇళ్లకు పంపాను. మూడిళ్లకు వెళ్లినవి గట్టిపడ్డాయని తెలిసింది. పాకం ముదిరింది, నిజమే.

మార్చి నుంచి నువ్వుల నూనెతో పెట్టే పచ్చళ్లు సీసాకు ఒక డాలరు పెరుగుతాయి. నూనె ధర నిరుడే పెరిగింది, నేను నాన్చాను. కార్చిచ్చుకు దీనితో సంబంధం లేదు, ఆ పేరు చెప్పి పెంచడం లేదు.

ఫిబ్రవరి 22, 23 తేదీల్లో దుకాణం మళ్లీ మూసి ఉంటుంది. ఆర్డర్లు 20 లోపు చెప్పండి, ఈసారి ముందే వండి పెడతాను. బ్లేజ్‌ఎయిడ్ వారితో కంచెలు వేయడానికి వెళ్తున్నాము. 2009లో కిల్మోర్ ఈస్ట్‌లో తమ పొలం కంచె కాలిపోయిన ఒక రైతు దంపతులు మొదలుపెట్టిన సంస్థ అది. మీలో రాదలచినవారికి కారులో మూడు చోట్లున్నాయి. తీగ లాగడం రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు. ఖాళీ ఐసుపెట్టె తెచ్చుకోండి, తిరుగు ప్రయాణంలో అక్కడి దుకాణాల్లో నింపుకుందాం.

అరవై రెండు పెట్టెల్లో పనికొచ్చేవి నలభై దాకా ఇక్కడి ఆశ్రయ కేంద్రాలకు, ముందుగా ఫోను చేసి అడిగి, ఇచ్చాము. కొన్ని పారేయవలసి వచ్చింది, దానికి చెత్త రుసుము కూడా కట్టాను. మిగిలిన తొమ్మిదింటి మీద ఇచ్చినవారి పేర్లున్నాయి. నెలాఖరులోపు వచ్చి తీసుకువెళ్లండి, పట్టు చీర వారు ముఖ్యంగా. ఒక్క కాలి బూటు ఇచ్చినవారు ఎవరో తెలియలేదు. ఎడమ కాలిది, తొమ్మిదో నంబరు, దాదాపు కొత్తది. రెండోది మీ ఇంట్లో ఉంటే తెచ్చివ్వండి, కంచె పనికి నాకు సరిగ్గా సరిపోతుంది.