రెండో తాళంచెవి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. మూడు వారాలుగా మాస్టొడాన్‌లో, అదే వేర్వేరు మనుషులు నడిపే సర్వర్లు కలిసిన ఆ సోషల్ మీడియాలో, నీ పేజీ తెరుచుకోవడం లేదు. నీ పేజీ ఉన్న సర్వర్ నడిపే ఆయన ఖర్చు భరించలేక మూసివేశారని చిన్నోడు చెప్పేదాకా నాకు నిద్ర లేదు. ఫోను ఎందుకు చేయలేదని అడగను. పని ఎక్కువై ఉంటుంది.

ఏ సర్వర్‌లో చేరినా అందరితో మాట్లాడవచ్చు గనుక ఎక్కడైతేనేమని అన్నావట. సర్వర్ల మధ్య ఉమ్మడి భాష లాంటి యాక్టివిటీపబ్ 2018లో ప్రమాణంగా ఆమోదం పొందింది, దానితో సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, నిజమే. అయితే నీ సర్వర్ నిర్వాహకులు వేరొక సర్వర్‌ను అడ్డుకుంటే, అక్కడున్న నీ స్నేహితురాళ్ల రాతలు నీకు చేరవు. ఒక్కరికే పంపిన సందేశాన్ని కూడా నిర్వాహకులు తలుచుకుంటే చదవగలరు. బ్యాంకు వివరాలు అందులో రాయకు.

తాతగారు ఆమదాలవలసలో ఉన్నప్పుడు ఆ వీధి చివర ఒక పఠనాలయం ఉండేది. మేష్టారు ఒక్కరే దానిని నడిపేవారు. చందా అడగడానికి మొహమాటపడి, అద్దె తన జీతంలోంచే కట్టేవారు. తాతగారు తన పద్యాల నోటుబుక్కు అక్కడే దాచుకున్నారు. మేష్టారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిన నాడు తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఇంటివారు వానలు వెళ్లేదాకా ఆగి తలుపు పగలగొట్టేసరికి, చెదలు తినగా అట్ట ఒక్కటే మిగిలింది. అది మన బీరువాలో ఉంది, నువ్వు చూశావు. తాతగారు మేష్టారిని ఒక్క మాటా అనలేదు. రెండో తాళంచెవి అడగలేదే అని తననే నిందించుకున్నారు.

మాస్టొడాన్ అధికారిక జాబితాలో చేరాలంటే సర్వర్ నడిపేవారు రోజూ బ్యాకప్ తీయాలి, అత్యవసరంలో ఇంకొకరైనా తెరవగలిగేలా ఉంచాలి, మూసివేతను కనీసం మూడు నెలల ముందు చెప్పాలి. ఆ జాబితాలోంచే ఎంచుకో. నియమాలన్నీ చదువు, ఖర్చు ఎవరు పెడుతున్నారో చూడు, వీలైనంత చందా పంపు. పాత సర్వర్ నడుస్తుండగానే మారితే నిన్ను అనుసరించేవారు వెంట వస్తారు. అది ఆగిపోయాక ఆ దారి ఉండదు. రాతలు మాత్రం ఎప్పుడూ వెంట రావు, వాటి ప్రతిని ముందే దించుకోవాలి. దించుకున్నావా?

పలాస జీడిపప్పు బావతో పంపుతున్నాను, డబ్బా మూత గట్టిగా పెట్టుకో. రాత్రిళ్లు ఆలస్యంగా తినకు.

నీ రాతలు కొన్ని నేను నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. నాగావళి వరద మీద రాసినది సగంలో ఆగిపోయింది, మిగతాది నీ దగ్గరుంటే పంపు. కొత్త చిరునామాను సర్వర్ పేరుతో సహా పూర్తిగా రాయి.

నాన్న